మిగతా సినిమా

కొత్తగూడెం,
22 జూన్ 2025

వదినా,

అందరూ క్షేమమని తలుస్తానని మొదలుపెట్టబోయి ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. దాన్ని వదిలేసి విషయానికి వస్తాను.

ఫోను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. నాకేం కోపం లేదు. ఎత్తినా జరిగేది అదే కదా. హలో అనకముందే నేను ఏడుపు మొదలుపెడతాను, అటు పక్క నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా ఉంటావు, చివరికి మా అమ్మ ఫోను లాక్కుని "పెట్టెయ్యి బిడ్డా, చార్జింగు అయిపోతది" అంటుంది. కాగితం మీదైతే నేను ఏడ్చినా నీకు వినబడదు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరు దగ్గరి పెద్దమనిషి "రాఖీలకు ఇంకా టైముంది గదమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు కవరు కొనేది రాఖీ పంపడానికే అనుకుంటాడు పాపం. కవరు తీసుకుని వచ్చేశాను.

అన్న మాసికానికి వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాకు ఒకటే ఫికరు. మన్విత సంగతి. ఆ రోజు వంటల దగ్గర నా కొంగు పట్టుకుని "అత్తా, నాన్నకు ఇయ్యాల ఏ షిఫ్టు?" అని అడిగింది. మార్చిలో పోయిన మనిషి గురించి జూన్‌లో అడుగుతోంది. నేను బిందె దింపే నెపం పెట్టుకుని లోపలికి పోయాను. ఒకటో తరగతిలో చేరిన పిల్ల, తండ్రి లేడని ఇంకా తెలియదు. అమ్మ చెప్పనివ్వదు, నువ్వు చెప్పలేవు, నేనేమో బిందెలు దింపుతాను. అంగన్‌వాడీ టీచర్ని అని పేరుకే. ఊళ్ళో పిల్లలందరికీ అన్నీ చెబుతాను, మన పిల్ల దగ్గరికి వచ్చేసరికి మింగలేక కక్కలేక ఉండిపోయాను.

అందుకే ఈ కవరులో పెన్‌డ్రైవు పెట్టాను. అందులో "మిణుగురు బొరియ" అని ఒక బొమ్మల సినిమా ఉంది. పాతకాలపు పిల్లల పుస్తకం ఒకటుండేది, దాన్నే సినిమాగా తీశారు. మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో గోడకు తెల్ల దుప్పటి కట్టి వేశారు. మంథని నుంచి రోజూ బస్సులో వచ్చి పాఠం చెప్పే ఉమామహేశ్వర్ సార్ దాన్ని ఎక్కడినుంచో తెప్పించాడు. కథ చెప్తాను విను. ఒక ముళ్ళపంది నాన్న, ఒక బుజ్జి ముళ్ళపంది. నాన్న నుదుటి ముళ్ళలో ఒక మిణుగురు చిక్కుకుని అక్కడే కాపురం పెడుతుంది. ఆ వెలుగులో ఇద్దరూ గడ్డలు తవ్వుకు తింటూ బతుకుతారు. నాన్న ముసలివాడైపోతాడు. ఒక రోజు పిల్లను బయట కూర్చోబెట్టి తాను ఒక్కడే బొరియలోకి దిగిపోతాడు. నుదుటి మీది వెలుగు చిన్నదై, ఇంకా చిన్నదై, ఆరిపోతుంది. అంతే సినిమా. ఆ రోజు హాలు హాలంతా ఏడ్చింది వదినా. అన్న కూడా ఏడ్చాడు, నాకు బాగా గుర్తు. చావంటే ఏమిటో నేను ఆ దుప్పటి మీదే నేర్చుకున్నాను.

మన్వితకు ఇది చూపించు. చూస్తే దానికి అదే అర్థమవుతుంది, మనం నోటితో చెప్పే పని తప్పుతుంది. నెట్టులో వెతికి ఇందులో ఎక్కించింది మీ సదానందం అన్న. నీకు అన్నే కదా, మొగుడయ్యే కష్టం నాకే వచ్చింది. టీవీకి వెనక వైపు పెట్టు, ముందు వైపుది పనిచేయదు.

నీ ఆడబిడ్డ,
హర్షిణి


గోదావరిఖని,
4 జూలై 2025

హర్షిణికి,

ఉత్తరం అందింది. జవాబు రాద్దామని కాగితం తీయడం, మడిచి బియ్యం డబ్బా మీద పెట్టడం, ఇదే అవుతోంది. రాయడానికి ఏమీ లేక కాదు. వాన పడ్డదని రాసినా, పడలేదని రాసినా నాకు ఒకటే అనిపిస్తోంది.

సినిమా చూశాం. ఆదివారం అన్నాలు తిన్నాక పెట్టాను. నేను, మన్విత, అత్తమ్మ. పక్క క్వార్టరు కనకవ్వ కూడా వచ్చి గడపలో కూర్చుంది. ఎవరూ ఏడవలేదు. ఏడ్చే ఘట్టం ఏదో వస్తుందని నేను చివరిదాకా చూస్తూనే ఉన్నాను. మిణుగురు నుదుటి మీద కూర్చోగానే మన్విత "క్యాప్ ల్యాంపు, క్యాప్ ల్యాంపు" అని, వాళ్ళ నాన్న బొగ్గు బాయిలో టోపీకి పెట్టుకునే లైటే అనుకుని ఎగిరింది. ముళ్ళపంది లోపలికి దిగిపోతుంటే చెయ్యి ఊపింది. అత్తమ్మ వక్క నములుతూ "డ్యూటీకి పోతున్నట్టుంది" అంది. కనకవ్వ కూడా అవునంది. నేను టీవీ బందు చేయబోతే మన్విత నా చెయ్యి పట్టుకుంది. "ఇది సగమే వచ్చిందమ్మా. నాన్న తిరిగొచ్చేది రాలే. మిగిలింది పంపుమని అత్తకు రాయి" అంది. అందుకని రాస్తున్నాను. నువ్వు పంపిన దాంట్లో సగమే ఉందట. మిగతాది ఉంటే పంపు.

చూసి అదే తెలుసుకుంటుందని రాశావు. అది తెలుసుకున్నది వేరు. ఇప్పుడు ఎవరు పలకరించినా "మా నాన్నకు ఓటీ పడ్డది, ముళ్ళపందికి పడ్డట్టు" అని, షిఫ్టు దాటినా పనిలోనే ఉన్నట్టు చెబుతోంది. ఆయన పోయిన రోజు పిల్ల అడిగితే అత్తమ్మ "డ్యూటీకి పోయిండు బిడ్డా" అంది. ఆ మాట ఇప్పుడు సినిమాతో ఇంకా గట్టిపడింది. అత్తమ్మ చెప్పింది అబద్ధమని అనడానికీ లేదు. ఆయన డ్యూటీకే పోయాడు. ఫస్టు షిఫ్టు దిగి బండి మీద వస్తుంటే దారిలో లారీ గుద్దింది. ఇంటికి తెచ్చే వేళకు కనకవ్వ పిల్లను తన ఇంట్లోకి తీసుకుపోయి తలుపు వేసింది. అది చూసింది తండ్రి పొద్దున టిఫిను సంచి తగిలించుకుని పోవడమే. తర్వాత జరిగింది ఏదీ చూడలేదు.

ఒక మాట అడుగుతాను. కర్మ నాడు నేను ఏడవలేదని మా లైనులో అనుకున్నారు. నా చెవిన పడింది. నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడూ రావడం లేదు. పొయ్యి మీద చెయ్యి కాలితే కాలిందని తెలుస్తోంది కాని మంట పుట్టడం లేదు, అట్లా ఉంది ఒళ్ళు. నువ్వు ఆ సినిమా పంపింది మన్విత కోసమా, నా కోసమా? నన్ను ఏడిపించడానికే అయితే నీకు పోస్టు దండగ.

తిరుమల


కొత్తగూడెం,
13 జూలై 2025

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. సదానందం నా మొహం చూసి తన పళ్ళెం తానే కడుక్కున్నాడు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. నేను నీ మీద ఎన్నడన్నా పెత్తనం చేశానా? నువ్వు ఏడ్చావా లేదా అని లెక్క చూసేదాన్నా నేను? కర్మ నాడు నిన్ను చూస్తే నాకు భయమేసింది, అంతే. పొద్దున్నించి సాయంత్రం దాకా వచ్చిన వాళ్ళందరికీ చాయ్ పోశావు. మా చిన్నమ్మ నిన్ను పట్టుకుని శోకం తీస్తుంటే ఆమె భుజం మీదుగా నువ్వు గిన్నె వైపు చూశావు, పాలు పొంగుతున్నాయని. నేను అది చూసి బయటికి పోయి ఏడ్చాను. తప్పు పట్టి కాదు.

సినిమా సగమే వచ్చిందన్నావు. కాపీ చేసేటప్పుడు తెగిపోయి ఉంటుంది. సదానందం పని ఎప్పుడూ అంతే, పెళ్ళి నాటి ఫొటోల్లో కూడా నా తల సగమే ఉంటుంది. మళ్ళీ ఎక్కించి ఇంకో పెన్‌డ్రైవు పంపుతున్నాను. నేను చూడలేదు. చూసే ధైర్యం నాకు లేదు. సదానందం మొదలు కాస్త, నడుమ కాస్త చూసి బాగానే వస్తోందన్నాడు. ఈసారి చివర ఏడ్చేది కూడా వస్తుంది. బుజ్జి ముళ్ళపంది బొరియ ముందు కూర్చుని బోరుమంటుంది, నా కళ్ళకు కట్టినట్టుంది.

ఇంకొక సంగతి. అన్న పోస్టుకు డిపెండెంటుగా నీ పేరే ఇచ్చారని, ఆర్డరు రేపో మాపో వస్తుందని అమ్మ చెప్పింది. మంచిదే. కాని నువ్వు డ్యూటీకి పోతే మన్వితను చూసేది ఎవరు? అమ్మ మోకాళ్ళు పట్టుకుని గోడ పొంట నడుస్తోంది. మన్వితను కొన్నాళ్ళు నా దగ్గరికి పంపు. ఇక్కడ బడిలో వేస్తాను. నేను మెల్లమెల్లగా చెబుతాను. నీకూ బరువు తగ్గుతుంది. అమ్మను అడిగితే సరేనంది.

ఈ ఉత్తరానికైనా "ఆడబిడ్డ" అని కాకుండా చెల్లె అనుకుని జవాబు రాయి.

హర్షిణి


గోదావరిఖని,
2 ఆగస్టు 2025

హర్షిణికి,

రెండోది కూడా చూశాం. అదే సినిమా. ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. నువ్వు చెప్పిన ఏడుపు అందులో లేదు. ముళ్ళపంది పిల్ల గడ్డ తింటూ కూర్చుంటుంది, పాట వస్తుంది, పేర్లు పడతాయి. మన్విత పేర్లన్నీ అయ్యేదాకా చూసి "అత్తకు సినిమా పంపుడు రాదు" అంది.

మిగతా దాంట్లో ఏముంటుందో నీకెట్లా తెలుసని నేను దాన్ని అడిగాను. చెప్పింది. ముళ్ళపంది నాన్న లోపల తట్టలకు తట్టలు బొగ్గు తవ్వుతాడట. సైరను మోగగానే బయటికి వస్తాడట. నల్లగా ఉన్నాడని పిల్ల గుర్తుపట్టదట. అప్పుడు నుదుటి మీద లైటు వేసి ముక్కు మీద కొడతాడట. వచ్చేటప్పుడు చౌరస్తాలో మిరపకాయ బజ్జీలు కట్టించుకుని వస్తాడట. "ఎవరు చెప్పిండ్రు?" అంటే "నాన్ననే" అంది. మీ అన్న దాన్ని పండుకోబెట్టేటప్పుడు ఏదో ముళ్ళపంది కథ చెబుతుండేవాడు. నేను అంట్ల దగ్గర ఉండేదాన్ని, ఎన్నడూ చెవి పెట్టలేదు. ఆయనకు నచ్చినట్టు చెప్పుకున్నాడు, పిల్ల నమ్మింది. సినిమాలో లేనిదేదో మీ అన్న నోట్లో ఉండేది. అది ఇప్పుడు ఎక్కడినుంచి తెచ్చి పంపుతావు.

పోయిన వారం బడిలో ఒక పిల్లవాడు "మీ డాడీ చచ్చిపోయిండు" అన్నాడని మన్విత పలకతో కొట్టింది. మేడమ్ నన్ను పిలిచింది. తల్లీ, ఇంట్లో చెప్పండి, మేము చెప్పలేం కదా అంది. వచ్చాను. దారంతా ఎట్లా చెప్పాలా అని ఆలోచించలేదు. ఏమీ ఆలోచించలేదు. ఇంటికి వచ్చి చిక్కుడుకాయ తుంచాను.

మన్వితను పంపను. నన్ను అడగకముందే అత్తమ్మను అడిగావు. మీరు మీరు మాట్లాడుకుని సరేననుకున్నారు. ఆయన పోయాడు, పిల్లను కూడా తీసుకుపొమ్మని నేను ఎక్కడా అనలేదు. నేను దాన్ని బాగా చూడడం లేదని నీకు అనిపిస్తే నాకే రాయి.

ఆర్డరు వచ్చింది. వచ్చే నెల మొదట్లో చేరాలి. బాయిలోకి దిగేది లేదు, పైననే, ల్యాంపు రూములో. దిగే వాళ్ళకు క్యాప్ ల్యాంపులు ఇవ్వాలి, ఎక్కి వచ్చాక తీసుకోవాలి. మన్వితకు చెప్పగానే చప్పట్లు కొట్టింది. "నువ్వు గూడ డ్యూటీకి పోతవా? అయితే నాన్న కనిపిస్తడు. ఓటీ బందు చేసి రమ్మను" అంది. నేను సరే అన్నాను. ఇప్పుడు రోజూ నాన్నకు చెప్పాల్సినవి నాకు అప్పజెబుతోంది. కొత్త బూట్లు వచ్చాయని, పన్ను ఊడిందని. రాఖీకి అత్త వస్తుంది, నాన్నకు లీవు దొరుకుతుంది అని కూడా అంటోంది. అందుకని రాఖీకి నువ్వు రాకు.

తిరుమల


కొత్తగూడెం,
12 ఆగస్టు 2025

వదినా,

నువ్వు రావద్దన్నావు, నేను రాలేదు. ముందు నీ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. పుట్టింటికి రావద్దని వదిన అంటే ఏ ఆడపిల్లకైనా తగులుతుంది. మళ్ళీ చదివాక తెలిసింది, నన్ను వద్దన్నది నువ్వు కాదు, ఆ "లీవు" అన్న మాట. మన్విత గుమ్మంలో నిలబడి నన్ను చూడగానే నా వెనక అన్న కోసం చూసేది. నేను తట్టుకోలేకపోయేదాన్ని.

రాఖీ నాడు సదానందం డ్యూటీకి పోయాడు. ఇంట్లో ఒక్కదాన్నే. ఏ చేతికి కట్టేది లేదు. కూర్చుని ఆ సినిమా చూశాను, మొదటి నుంచి పేర్లు పడేదాకా.

ఎంత చిన్న సినిమా వదినా అది. నాకు అడవి అడవంతా గుర్తుంది, తీరా చూస్తే నాలుగు తుప్పలు, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ముళ్ళపంది నోరు ఒకప్పుడు కదిలితే మాట ఇంకొకప్పుడు వినిపిస్తుంది. పాటలో వాద్యాలన్నీ పెళ్ళి బ్యాండు లాగా ఉన్నాయి. ఒక్క ఆ వెలుగు తగ్గిపోయేది మాత్రం ఎవరో మనసు పెట్టి గీశారు. మిగతాదంతా పనైపోతే చాలన్నట్టు ఉంది. నువ్వు చెప్పిందే నిజం. ఏడుపు ఎక్కడా లేదు. నేను బోరుమన్నదని రాసిన ఆ పిల్ల నింపాదిగా గడ్డ తింటోంది. ఇరవై ఏళ్ళుగా నేను ఆ ఏడుపును ఎక్కడ చూశాను?

చూస్తూ ఉంటే హాలు గుర్తొచ్చింది, నేను నీకు రాసిన హాలు కాదు. వెలుగు ఆరిపోగానే పిల్లలం అందరం చప్పట్లు కొట్టాం. ఈలలు కూడా వేశారు. అందరి నాన్నలూ రోజూ లైటు పెట్టుకుని కిందికి దిగేవాళ్ళే కదా, అందులో ఏడవడానికి ఏముంది మాకు. మా నాయిన కొమురెల్లి ఆ గడియకు బొగ్గు బాయిలోనే ఉన్నాడు, సెకండు షిఫ్టు. ఏడ్చింది ఒక్క ఉమామహేశ్వర్ సారే. కళ్ళద్దాలు తుడుచుకుంటూ "ఎందుకురా చప్పట్లు?" అని అడిగాడు. అన్న లేచి నిలబడ్డాడు. "డ్యూటీకి పోయిండు సార్. షిఫ్టు దిగినంక ఇంటికొస్తడు" అన్నాడు. సార్ అన్న వైపు చూసి లైట్లు వేశాడు. ఇంటికి నడిచి వస్తూ అన్న నాకు మిగతా కథ చెప్పాడు. మిరపకాయ బజ్జీలు కూడా అప్పటివే. మరి సార్ ఏడుపు నేను ఎప్పుడు అందరికీ పంచిపెట్టానో, అన్నకు కూడా ఎప్పుడు అంటగట్టానో తెలియదు. పెళ్ళై ఈ ఊరు వచ్చాక, నాయిన పోయాక అనుకుంటాను.

పుస్తకం కూడా వెతికాను. మా సెంటరుకు పాత పుస్తకాల మూట ఒకటి వస్తే అందులో దొరికింది. పుస్తకంలో చివర ఒక మాట ఉంది: "ముళ్ళపంది నాన్న మరి బయటికి రాలేదు. బుజ్జి ముళ్ళపంది కొన్నాళ్ళు ఎదురుచూసి, ఆకలై, తానే గడ్డలు తవ్వుకోవడం నేర్చుకుంది." సినిమా వాళ్ళు ఆ మాట తీసేసి పాట పెట్టారు. పిల్లలకు ఎందుకులే అనుకుని ఉంటారు. నేనూ వాళ్ళ లాంటిదాన్నే. నోటితో చెప్పాల్సింది చెప్పలేక, చెప్పని సినిమాను నీకు పంపాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

పిల్లను పంపమన్నది నీ నుంచి తీసుకోవడానికి కాదు. అమ్మను ముందు అడగడం తప్పే. నాకు పిల్లలు లేరని నువ్వు మనసులో అనుకున్నా పైకి అనలేదు, అది నాకు తెలుసు. నిజంగానే దాన్ని నా దగ్గర పెట్టుకోవాలని ఒక మూల నాకు ఆశ పుట్టింది. అది కూడా చెప్పేస్తున్నాను, నీకు తెలియాలి.

కాని వదినా, నువ్వు డ్యూటీలో చేరకముందే చెప్పు. చేరిన రోజు నువ్వు ఒక్కదానివే తిరిగొస్తే, నాన్నను ఎందుకు తీసుకురాలేదని అది నిన్ను అడుగుతుంది. ఆ రోజు నుంచి నిన్ను కూడా నమ్మదు. నేను వచ్చి చెప్పమంటే వస్తాను. నువ్వు రమ్మంటేనే. ఈసారి అడగకుండా ఏదీ పంపను.

నీ చెల్లె,
హర్షిణి


గోదావరిఖని,
7 సెప్టెంబరు 2025

హర్షిణీ,

నిన్ను రమ్మని రాద్దామనే అనుకున్నాను. రాసేలోపు చేరే రోజు వచ్చేసింది. దసరా సెలవులకు రా. మన్విత నీకు సినిమా పంపుడు నేర్పిస్తుందట.

చేరే ముందు రోజు మధ్యాహ్నం చెప్పాను. ముందు అత్తమ్మకు చెప్పాను, నేను పిల్లకు చెప్పేస్తున్నా, వినలేకపోతే లోపలికి పొమ్మని. ఆమె పోలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. మన్విత రిమోటు సెల్లులు తీసి మళ్ళీ పెడుతోంది. నేను మెల్లమెల్లగా చెప్పడం చేతగాక ఒక్కసారే అన్నాను.

"నాన్న డ్యూటీల లేడు మన్వితా. చచ్చిపోయిండు. బండి మీద వస్తాంటే లారీ గుద్దింది. ఇగ రాడు."

సెల్లు పెట్టడం ఆపింది. "మరి ముళ్ళపంది నాన్న?" అంది. అదీ చచ్చిపోయిందన్నాను. నీకెవరు చెప్పారంటే, కొత్తగూడెం అత్త పుస్తకంలో చూసిందన్నాను. "పుస్తకం తప్పు" అంది. టీవీ పెట్టుకుని వేరే ఏదో చూసింది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను బట్టలు మడతపెట్టాను. చెప్పేశానన్న తేలిక లేదు, చెప్పానన్న బాధా లేదు. చెప్పి కూడా చెప్పనట్టే ఉంది.

తెల్లారి నేను టిఫిను సంచి తగిలించుకుంటుంటే మన్విత లేచి వచ్చింది. "నాన్నకు చెప్పు, పన్ను మళ్ళ వస్తాందని" అంది. నేను చెప్పులేసుకుని బయల్దేరాను.

ల్యాంపు రూము ఎట్లా ఉంటుందో నీకు తెలుసు, చిన్నప్పుడు మీ నాయినతో పోయి చూశానని చెబుతుంటావు కదా. వరసలు వరసలుగా లైట్లు, చార్జింగు పెట్టి. ఒక్కొక్కరూ కిటికీ దగ్గరికి వచ్చి తమ నంబరు చెబితే తీసి ఇవ్వాలి. నన్ను చూసి చాలామంది తల దించుకున్నారు. మీ అన్నతో పని చేసిన రాయమల్లు మాత్రం లైటు తీసుకుని "పోయొస్త చెల్లె" అన్నాడు. షిఫ్టు అయ్యాక అందరూ వచ్చి లైట్లు తిరిగి ఇచ్చారు. ఒక్క లైటు రాకపోయినా మేము కదలడానికి లేదు, ఆ మనిషి ఎక్కడున్నాడో చూసి తీసుకురావాలి. అన్నీ వచ్చాయి. నాకు పని నేర్పే ఆమె "అయిపాయె, ఇగ పోదాం పా" అంది. ఇంత మామూలుగా ఉంటుందా అనిపించింది. ఇన్నేళ్ళు ఆయన రోజూ ఇట్లాగే పోయి ఇట్లాగే వచ్చాడు, నాకు అది పనే అనిపించలేదు.

బస్సు దిగేసరికి మన్విత మలుపులో కనకవ్వ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసింది. నన్ను దాటి బస్సు మెట్ల వైపు చూసింది. నాతో పాటు డ్యూటీ దిగిన వాళ్ళు ఒక్కొక్కరే దిగి ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. బస్సు వెళ్ళిపోయేదాకా చూసి, అప్పుడు నా దగ్గరికి వచ్చింది.

"అందరు బయటికొచ్చిండ్రా?"

"వచ్చిండ్రు."

"లోపల ఇంకెవ్వరు లేరా?"

"లేరు. అందరి లైట్లు నాకే ఇచ్చిపోయిండ్రు."

అది నా చేతులు చూసింది. మొహం చూసింది. పొద్దున పోయిన అమ్మ సాయంత్రం కాకముందే వచ్చింది, ఏ దెబ్బా లేకుండా, సంచితో సహా. డ్యూటీ అంటే ఇంతే అని దానికి అప్పుడు తెలిసినట్టుంది. మొదట చప్పుడు లేకుండా నోరు తెరిచింది. తర్వాత ఏడ్చింది. హర్షిణీ, అట్లాంటి ఏడుపు నేను వినలేదు. రోడ్డు మీద కింద కూర్చుని ఏడ్చింది. పోయే వాళ్ళు ఆగి చూశారు. కనకవ్వ ఊరుకోబెట్టబోతే నేను వద్దన్నాను. ఎత్తుకున్నాను. ఆరేళ్ళ పిల్ల ఇంత బరువుంటుందని నాకు గుర్తు లేదు. నడుము పట్టేసింది, భుజం తడిసిపోయింది. మార్చి నుంచి ఒంటికి ఏదీ తెలియలేదు, ఆ బరువు మాత్రం తెలిసింది.

నేను ఏడ్చానా అని అడుగుతావు. లేదు. నాకు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు వస్తుంది, నువ్వు దాని గురించి బెంగ పడకు. ఇంటికి వచ్చేసరికి అత్తమ్మకు సంగతి తెలిసిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను అన్నం వండాను. మన్విత నాలుగు ముద్దలు తిన్నది.

పక్క వేస్తుంటే వచ్చి, కళ్ళు ఉబ్బిపోయి, "రేపు గూడ పోతవా?" అని అడిగింది. పోతనన్నాను. ఎల్లుండి? ఎల్లుండి కూడా. నాన్న ఎట్లా పోయాడో అట్లాగే కదా అన్నట్టు నన్ను చూసింది. నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు, దుప్పటి దులిపాను. అది రెండో అంచు పట్టుకుని నాతో పాటు పరిచింది. తర్వాత పెద్దదాని లాగా తల ఊపింది.

"సరే. పోయిరా" అంది.

మీ వదిన,
తిరుమల